తువ్వాల కింద వేళ్ళు

మిర్యాలగూడల మిల్లు పొగ
తెల్లారకముందే ఉడికిన వడ్ల వాసనై ఒంటికి అంటుకుంటది.
ముప్పై ఒక్క ఏండ్లు కాటా గదిల చిట్టీలు రాసిన చెయ్యి ఇది.
నిరుడు వానాకాలం పంట దిగినంక
సేటు కోడలు స్రవంతమ్మ నా చేతుల ఫోను పెట్టి
"కోటయ్యా, ఇగ పుస్తకం బంద్, అంత షీటులనే" అన్నది.

అప్పటి సంది మిల్లంత ఒక్క గ్రూపుల ఉన్నది.
బుచ్చిరాములు మేస్త్రీకి రాసుడు రాదు,
గొంతే పంపుతడు:
"నాలుగో లారీకి తొమ్మిది మంది కావాలె, ఏడుగురే ఉన్నరు."
వెనక బస్తా పడ్డ చప్పుడు, ఎవరిదో దగ్గు.
జహంగీరు దామరచర్ల దాటినంక
మ్యాపుల నీలి చుక్కై కదుల్తడు.
చాయ్‌కి ఆగితే చుక్క గూడ ఆగుతది,
సేటు ఇక్కడ్నుంచే అడుగుతడు: "సమోస తిన్నవా?"
స్రవంతమ్మ తెల్ల పళ్ళెంల అన్నం పెట్టి
ఆవిరి లేస్తుంటె వీడియో తీస్తది.
మెతుకుకు మెతుకు అంటని ఆ అన్నాన్ని
పదకొండువేల మంది చూసిన్రట.
అండ్ల తొమ్మిది మంది బస్తాలు అడిగిన్రు,
ఒకామె మాత్రం పళ్ళెం ఎక్కడ కొన్నరని అడిగింది.

రాత్రి పాళి నాది.
బాయిలర్ కాడ ఊక ఎగదోసే పిలగాడు కునుకు తీస్తున్నప్పుడు
షీటు తెరిచిన, నూకల లెక్క సరిచూద్దామని.
రేటు గడిల ఎవరో ఉన్నరు.
పచ్చ గీత ఒకటి, దాని మీద పేరు: తంగవేలు.
మధురైల బేరగాడు. మనిషిని నేను చూడలె.
ఆయన మాట నాకు రాదు, నా మాట ఆయనకు రాదు.
రాత్రి రెండుంబావు.
నాలుగువేల ఐదునూర్ల పది, అని రాసిండు.
కొట్టేసిండు.
ముప్పై.
కొట్టేసిండు.
గీత ఆడ్నే కొట్టుకున్నది,
చానా సేపు, కణత మీది నరం లెక్క.

మా నాయిన ఎడ్ల బేరగాడు.
అంగట్ల తువ్వాల కప్పి ఇద్దరు చేతులు కలిపితే
వేళ్ళే మాట్లాడేటియి.
మొఖాలు మాత్రం మొగులు దిక్కు,
వానొచ్చేటట్టున్నదని ముచ్చట.
పట్టిన వేలు ఎంత, వదిలిన వేలు ఎంత
చుట్టు నిలబడ్డోళ్ళకు తెల్వదు.
"తువ్వాల కింద వణికిన వేలు సంగతి
తువ్వాల తీసినంక చెప్పొద్దు బిడ్డా" అనెటోడు.

పచ్చ గీత పోయింది. గడిల పది మిగిలింది.
ముప్పై దాక వస్తడని నాకెర్కే.
ఆయనకు అప్పెంతున్నదో, ఇంట్ల ఇంకెవరు మేల్కొని ఉన్నరో
ఎర్కలేదు.

తెల్లారి సేటు పండ్లు తోముకుంట వచ్చి
"తంగవేలు ఏమన్నడు?" అంటె
"పదే పెట్టిండు" అన్న.
అబద్ధం గాదు.
క్వింటాకు ఇరవై, మూడు లారీలు:
లెక్క నా లోపల దానంతట అదే అయ్యింది,
పదిహేనువేలు.

పగటీలి స్రవంతమ్మ నవ్వుకుంట వచ్చింది.
"ముప్పై రాసి కొట్టేసిండు మామయ్యా, చూడున్రి."
షీటు పాత రూపాలన్ని దాసుకుంటదట,
రాసింది, చెరిపింది,
ఏ నిమిషం ఏ చెయ్యి ఆడిందో.
ముప్పైకే సౌదా కుదిరింది.
నేను తవుడు బస్తాల దిక్కు మొఖం తిప్పిన.

ఆమె వేలు ఇంకా జరుపుతనే ఉన్నది,
నిన్నటిది, మొన్నటిది, పోయిన వారంది.

తొమ్మిదో తారీకు రాత్రి, నా పాళిల,
హమాలీ కూలి గడి పక్కన
ఖాళీ జాగ చూసి ఒక మాట రాసిన:
"కోటయ్య, అడ్వాన్సు, పన్నెండువేలు."
రెండు మాట్ల చదువుకున్న.
కొట్టేసిన.

"ఇంకేమేమున్నయో చూద్దాం" అంటున్నది స్రవంతమ్మ.
బయట కాటా మీదికి లారీ ఎక్కింది,
హారన్ కొడ్తున్నడు జహంగీరు.
పోవాలె.
కాళ్ళు కదుల్తలేవు.